కురచైపోయిన రోడ్డు

"మళ్ళీ ఒకసారి చెప్పు ఓరిన్. ఏ మాటలన్నాడో ఆ మాటలే చెప్పు. నీ సొంతం కలపకు."

"ఎన్నిసార్లు చెప్పమంటావమ్మా ఇనేస్? 'ఓరిన్, ఈ రోడ్డుని ఎవడో కురచ చేశాడోయ్!' అన్నాడు. అని నవ్వాడు. అంతే. ఆ తర్వాత రేడియోలో గరగరే."

"భయపడినట్టు అన్నాడా?"

"ఎవరెట్ భయపడ్డమా? పశువుల వేలంపాట పాడేప్పుడు ఎలా అంటాడో అలాగే అన్నాడు. మాటకీ మాటకీ మధ్య చీమ దూరే సందు లేకుండా."

ఓరిన్ టక్ మా ఊరి స్కూలు బస్సు నడుపుతాడు. చిన్నప్పుడు నన్నూ బడికి తీసుకెళ్ళినవాడే. అందుకే ఈ కౌంటీ షెరీఫ్ ఆఫీసులో నేనొక్కదాన్నే డిటెక్టివ్‌నని తెలిసినా, ఇంకా కిటికీలోంచి చెయ్యి బయటపెట్టిన పిల్లని చూసినట్టే చూస్తాడు. పందెం రోజున అతన్ని రేడియో ఇచ్చి ఐదో మైలు దగ్గర కూర్చోబెట్టారు. వేగం కొలిచే లైటు కూడా అక్కడే ఉంది.

"లైటు ఎంత చూపించింది?"

"నూట నలభై ఆరు. నేను కళ్ళు నలుపుకుని మళ్ళీ చూశాను. ఎవరెట్ పెట్టుకున్నది నూట పదే కదా అని."

నాకు అర్థం కానిది సరిగ్గా అదే.

మా కాల్డర్ ఊళ్ళో ఏడాదికోసారి ఎడారి రోడ్డుని ఒక పూట మూసేసి కార్ల పందెం పెడతారు. పందెం కార్లు కావు, రోజూ రోడ్డు మీద తిరిగే కార్లే. ఎవరు ముందొచ్చారన్నది లెక్క కాదు. ఎవరి వేగం వాళ్ళే ముందుగా చెప్పుకోవాలి. తొంభై మైళ్ళూ నడిపాక సగటు వేగం ఆ అంకెకు ఎవరికి దగ్గరగా వస్తే వాళ్ళకి కప్పు. ముందొచ్చినా ఓటమే, వెనకబడినా ఓటమే. ఎవరెట్ క్రైడర్ గంటకి నూట పది మైళ్ళ వర్గంలో నాలుగుసార్లు గెలిచాడు. అలాంటివాడు మొదటి ఐదు మైళ్ళలోనే నూట నలభై ఆరుకి ఎందుకు ఎక్కాడు?

ఇంకో విచిత్రం. ఏడో మైలు దగ్గర రోడ్డు రాతికొండలోకి వంగుతుంది. కారు అక్కడే వెనక టైరు పేలి పల్టీ కొట్టింది. ఎవరెట్ అక్కడికక్కడే పోయాడు. పగిలిన స్పీడోమీటరు అద్దం వెనక డయలు మీద సూది కొట్టుకున్న గీత ఉంది. ఆ గీత నూట పది మీద ఉంది.

లైటు నూట నలభై ఆరంటుంది. సూది నూట పదంటుంది. చచ్చిపోయినవాడు రోడ్డు కురచైందంటాడు. ముగ్గురు సాక్షులు, మూడు మాటలు.

"మొగుడితో కోరిన్ ఎందుకు ఎక్కలేదు ఓరిన్? ఎప్పుడూ పక్కసీటులో స్టాప్‌వాచీ పట్టుకుని ఉండేది కదా?"

"పొద్దున్నే కడుపు నొప్పంది. 'నువ్వు రాకపోతే నేను ఆగుతానా?' అని ఎవరెట్ ఒక్కడే ఎక్కాడు. ఆమె ఉంటే పోయేవాడు కాదేమో. లేదా ఆమె కూడా పోయేదేమో." ఓరిన్ టోపీ తీసి చేతిలో నలిపాడు. "ఏది అనుకోవాలో తెలీడంలేదమ్మా."

* * *

కారు శవాన్ని కౌంటీ షెడ్డులో స్టాండ్ల మీద నిలబెట్టి ఉంచాం. ముందు భాగం నలిపేసిన కాగితంలా ఉంది. వెనక భాగం మాత్రం నిన్ననే కొన్నట్టుంది. ఎరుపు రంగు, రెండు సీట్లు. ఎవరెట్ ఆ కారులోనే సంతకి వెళ్ళేవాడు, ఆ కారులోనే చర్చికి వచ్చేవాడు. వెనక అద్దం దగ్గర ఇంకా కోడిదాణా సంచీ ఒకటి ఇరుక్కుని ఉంది.

నేను గ్లెన్నా ప్రుయిట్‌ని అక్కడికే రమ్మన్నాను. ఆ కారు గేర్‌బాక్సు ఆమె చేతిమీద తయారైందే. మూడు రాష్ట్రాల వాళ్ళు గేర్‌బాక్సులు మోసుకుని ఆమె షాపుకి వస్తారు. ఆ సంగతి ఆమెకీ బాగా తెలుసు. అరవై ఏళ్ళ మనిషి. వెండి బకిలు బెల్టు, గోళ్ళకి ఎర్ర రంగు. కానీ ఆ రోజు సిగరెట్టు వెలిగించడానికి మూడు పుల్లలు పట్టాయి.

ఆమె కంటే ముందే ఇంకొకడు వచ్చి కూర్చున్నాడు. కెల్విన్ స్ట్రాడ్, బీమా కంపెనీ పంపిన మనిషి. ఇస్త్రీ చొక్కా, మెడలో కెమెరా. వయసులో ఉండగా తనూ కార్లు తోలానని వచ్చినప్పటి నుంచీ మా షెరీఫ్‌కి చెబుతూనే ఉన్నాడు.

"రండి డిటెక్టివ్ గారూ. కేసు తేలిపోయింది కదా, ఇంకా ఇనప తుక్కుతో పనేమిటి?"

"తేలింది మీకేమో. నాకు తేలలేదు."

"ఇందులో తేలకపోవడానికేముంది? చుట్ల మీటరు చూశారా? ఇంజను నిమిషానికి ఐదువేల ఎనిమిదొందల దగ్గర ఆగిపోయింది. నాలుగో గేరు, వెనక చక్రాల్ని తిప్పే ఈ క్రౌను. లెక్క కడితే నూట నలభై ఆరు వస్తుంది. లైటూ అదే చెప్పింది. ఆయన కట్టుకున్న టైర్లు నూట ముప్పై దాటితే తట్టుకోవు, అంతకు మించి పోకూడదని పందెం నియమం కూడా. నియమం మీరాడు, పోయాడు. తప్పు ఆయనదే."

"మరి స్పీడోమీటరు సూది?"

"గుద్దుకున్నప్పుడు సూదులు ఎగురుతాయండీ. ఎక్కడ పడితే అక్కడ పడతాయి. సూదిని పట్టుకుని వేలాడకండి."

"సరిగ్గా నూట పది మీదే పడిందా? ఆయన ఎంచుకున్న అంకె మీదే?"

స్ట్రాడ్ భుజాలు ఎగరేశాడు.

అప్పటిదాకా గోడకానుకుని నిలబడ్డ గ్లెన్నా సిగరెట్టు కింద పడేసి నలిపింది. "ఎవరెట్ నియమం మీరేవాడు కాదు. అంకె కోసం ప్రాణం పెట్టేవాడు. మీరెవరో నాకు తెలీదు గానీ బాబూ, చచ్చినవాడి మీద బురద చల్లకండి."

"అయితే మీ పనే తప్పయి ఉండాలమ్మా" అన్నాడు స్ట్రాడ్ నవ్వుతూ. "ఆయనదో మీదో. మూడోవాళ్ళు లేరు ఇక్కడ."

నేను వాళ్ళ మధ్యకి వెళ్ళి నిలబడ్డాను. "గ్లెన్నా, ఈ కారుకి నువ్వేం చేశావో మొదటి నుంచీ చెప్పు. నాకు గొర్రెల గురించి తెలుసు గానీ గేర్ల గురించి తెలీదు. మా నాన్న గొర్రెల కాపరి."

"మొన్నమొన్నటి వరకూ దీని వెనక క్రౌను నాలుగు పాయింటు ఒకటొకటి. షాఫ్టు నాలుగు చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. ఊళ్ళో బాగా లాగుతుంది. కానీ నూట పదికి వెళ్ళేసరికి ఇంజను ఐదువేల ఎనిమిదొందలకి ఎక్కి కుక్క ఏడ్చినట్టు ఏడుస్తుంది. పోయినేడు గీత దాటేసరికి పొగ వచ్చింది. 'దీని ఏడుపు మాన్పించు గ్లెన్నా' అని నా దగ్గరికి తెచ్చాడు."

"దానికి పెద్ద గేరు వెయ్యాలి, అంతేనా?"

"పొడుగు గేరు. నంబరు చిన్నది."

"గేరు పెద్దదైతే నంబరు చిన్నదా?"

"నంబరు పెరిగితే గేరు పొట్టిదవుతుంది పిల్లా. నంబరు తగ్గితే పొడుగవుతుంది."

"ఈ విద్యలో అన్నీ తలకిందులేనా?"

"మొదట్లో అందరికీ అలాగే ఉంటుంది. ఇదిగో, చేత్తో తిప్పి చూడు." ఆమె గాలిలో ఉన్న వెనక చక్రాలు రెండిటినీ నన్నూ ఓరిన్‌నీ పట్టుకోమంది. ఓరిన్ నన్ను దింపడానికి వచ్చి వెళ్ళకుండా అక్కడే తచ్చాడుతున్నాడు. చక్రాలు ఒక్క చుట్టు నెమ్మదిగా తిప్పాం. కింద షాఫ్టు మీద ఆమె సుద్దతో పెట్టిన గుర్తు మూడుసార్లు పైకొచ్చి, ఇంకొంచెం కదిలి ఆగింది.

"మూడు పాయింటు సున్నా ఎనిమిది. నేను వేసింది ఇదే. ఎవరూ మార్చలేదు" అంది గ్లెన్నా. గొంతులో కొంచెం ఊపిరి తిరిగింది.

"ఐదో గేరు పెడితే సరిపోయేది కదా?" స్ట్రాడ్ ఊరుకోలేదు. "వెనక క్రౌను కదపకుండా, ఐదో గేరులో ఇంజను చల్లగా తిరిగేది. అందరూ చేసేది అదే."

"అందరూ చేసేది ఊళ్ళ మధ్య తిరగడానికి. గంటసేపు అదిమి తొక్కాలంటే ఐదో గేరులో బలమంతా పళ్ళ మీదుగా పోవాలి. నూనె మరిగిపోతుంది. నాలుగోదాంట్లో బలం సూటిగా పోతుంది, ఒక్కటే కడ్డీ ఉన్నట్టు. పళ్ళ మీద భారం ఉండదు. అందుకే నాలుగు గేర్లే ఉంచి వెనక క్రౌను మార్చాను. క్రౌను పొడుగైతే ఎర్రలైటు దగ్గర బయల్దేరేప్పుడు క్లచ్చి మాడుతుంది. ఇదే కారులో ఎవరెట్ కోడిదాణా కూడా తేవాలి కదా? అందుకని మొదటి గేరు పొట్టిగా ఉన్న గేర్‌బాక్సు వెతికి పెట్టాను. బయల్దేరేప్పుడు పాత కారే అనిపిస్తుంది. నాలుగులో పడ్డాకే కొత్తదని తెలుస్తుంది. నూట పదికి నాలుగువేల నాలుగొందలు. హాయిగా పాట పాడుకుంటూ పోవచ్చు."

"పాడుకుంటూనే పోయాడు పాపం" అన్నాడు స్ట్రాడ్.

గ్లెన్నా అతని మీదకి ఒక అడుగు వేసింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను. కానీ నా బుర్రలో ఒక మాట ఇరుక్కుపోయింది. పాత కారులో నూట పదికి ఐదువేల ఎనిమిదొందలు. ఇప్పుడు దొరికిన చుట్ల మీటరూ ఐదువేల ఎనిమిదొందలే. సూదీ నూట పదే. రెండు సూదులూ పాత కారు సూదుల్లా నిలబడ్డాయి, కింద ఉన్నది కొత్త క్రౌను.

"గ్లెన్నా, స్పీడోమీటరుకి వేగం ఎక్కడినుంచి తెలుస్తుంది? చక్రం నుంచా?"

"కాదు. గేర్‌బాక్సు తోక దగ్గర్నుంచి. అక్కడ వేలెడంత ప్లాస్టిక్ గేరు ఉంటుంది. షాఫ్టు దాన్ని తిప్పుతుంది, అది కేబుల్‌ని తిప్పుతుంది, కేబుల్ సూదిని లేపుతుంది."

"అంటే వెనక క్రౌను మారిన సంగతి దానికి తెలీదు?"

"ఎలా తెలుస్తుంది? క్రౌను దానికి వెనకాల కదా ఉంది. అందుకే క్రౌను మార్చినప్పుడు మీటరు గేరు కూడా మార్చాలి. మార్చాను. పాతది తెల్లది, ఇరవై నాలుగు పళ్ళు. అది తీసేసి నీలంది, పద్దెనిమిది పళ్ళది పెట్టాను. పెట్టాక నేనే రోడ్డు మీద మైలురాళ్ళతో సరిచూశాను. సూది నిజమే చెప్పింది."

"అది ఇప్పుడు తీసి చూపించగలవా?"

"ఒక్క బోల్టు. ఎంతసేపు?"

"ఆగండి!" స్ట్రాడ్ కెమెరా పైకెత్తాడు. "ఈవిడ మీద అనుమానం ఉంది. ఈవిడ చేత్తోనే ఆధారాలు విప్పిస్తారా? మీ షెరీఫ్‌కి ఇప్పుడే ఫోను చేస్తాను."

"చేసుకోండి. ముందు ఫొటో తీసుకోండి, తర్వాత నేనే విప్పుతాను" అన్నాను. గ్లెన్నా ఎక్కడ పెట్టాలో స్పానరు చూపించింది. కారు కింద వెల్లకిలా పడుకున్నాను. నిజంగానే ఒక్క బోల్టు. చిన్న గూడుతో సహా గేరు జారి నా అరచేతిలో పడింది. నూనె తుడిచి వెలుతురులోకి పట్టాను.

తెల్లది.

గ్లెన్నా వంగి చూసింది. "ఇది కాదు. నేను పెట్టింది నీలం. ఒట్టు, నీలం పెట్టాను."

నేను పళ్ళు లెక్కపెట్టాను. ఇరవై నాలుగు.

"ఈ క్రౌనుతో ఇది ఉంటే, సూది నూట పది చూపినప్పుడు అసలు వేగం ఎంత?"

ఆమె పెదవులు కదిలాయి. లెక్క కడుతోందని తెలుస్తోంది. "మూడోవంతు ఎక్కువ. నూట నలభై ఆరు, ఏడు..." అని ఆగిపోయింది.

ఓరిన్ మెల్లగా అన్నాడు: "అందుకే మైలురాళ్ళు గబగబా వచ్చేశాయి. అందుకే రోడ్డు కురచైందన్నాడు. తన సూది అబద్ధమాడుతోందని తెలీలేదు పాపం."

"చుట్ల మీటరు చూసైనా తెలుసుకోవద్దా?" స్ట్రాడ్ అన్నాడు. మొదటిసారి అతని గొంతులో వెటకారం లేదు, నిజంగానే అడిగాడు. "నాలుగువేల నాలుగొందలు ఉండాల్సిన చోట ఐదువేల ఎనిమిదొందలుంటే?"

"ఏళ్ళ తరబడి ఆ రెండు సూదుల్నీ సరిగ్గా అక్కడే చూశాడు. ఇంజను ఏడుపు కూడా పాత ఏడుపే" అంది గ్లెన్నా. "కొత్త జోడీ చూసింది ఒక్క వారం. హడావుడిలో ఉన్నప్పుడు కళ్ళు అలవాటైన చోటుకే పోతాయి బాబూ."

"బాగుంది." స్ట్రాడ్ తేరుకున్నాడు. "అంటే మీటరు గేరు మార్చడం మర్చిపోయింది మీరు. ఇప్పుడు నీలం, పచ్చ అని కథలు చెబుతున్నారు. డిటెక్టివ్ గారూ, మీరే సాక్ష్యం బయటికి లాగారు, అభినందనలు. సాయంత్రానికల్లా షెరీఫ్ ఈవిడ్ని తీసుకెళ్తాడు. నేను అక్కడే ఉండి చూస్తాను."

"మర్చిపోలేదు! పాత సామానంతా డబ్బాలో పెట్టి ఎవరెట్ చేతికే ఇచ్చాను. పాత క్రౌను, పాత తెల్ల గేరు, అన్నీ. ఎవరి పాత సామాను వాళ్ళకిచ్చెయ్యడం నా అలవాటు. వెళ్ళి చూడండి. డబ్బాలో తెల్లది ఉంటే నేను అబద్ధాలకోరుని. లేకపోతే..."

"లేకపోతే మీరే దాన్ని తీసి ఉంటారు" అన్నాడు స్ట్రాడ్.

గ్లెన్నా చేతులు తుడుచుకుంది. నలభై ఏళ్ళు గేర్లు సరిచేసిన చేతులు. నా మనసు ఎటూ మొగ్గలేదు. ఆమె నిజం చెబుతోందని లోపల అనిపిస్తోంది, సాక్ష్యం మాత్రం ఆమె మెడకే చుట్టుకుంటోంది. అసలు తెల్ల గేరు పెట్టడం వల్ల ఎవరికి లాభం? చంపాలనుకున్నవాడికి బ్రేకు గొట్టం కోస్తే సరిపోయేది. ఇంత తెలివిగా, ఇంత చిన్నగా, ఇంత వంకరగా ఎవరు చేస్తారు?

"డబ్బా ఉన్నది కోరిన్ ఇంట్లో. అక్కడికే వెళ్దాం" అన్నాను.

"నేనూ వస్తాను" అన్నాడు స్ట్రాడ్. వద్దనడానికి నాకు కారణం దొరకలేదు. గ్లెన్నాని ఓరిన్ దగ్గర వదిలి ఇద్దరం బయల్దేరాం.

* * *

కోరిన్ వంటింటి బల్ల మీద ఇరుగుపొరుగు తెచ్చిన గిన్నెలు వరసగా ఉన్నాయి. బీన్సు, బంగాళాదుంపలు, మా అమ్మ పంపిన గొర్రెమాంసం కూర. దేన్నీ ముట్టుకోలేదు. కోరిన్ బక్కపల్చటి మనిషి. ఎవరెట్ నోరు విప్పితే ఊరంతా వినేది, ఈమె మాట వినాలంటే దగ్గరికి జరగాలి.

"డబ్బానా? గ్యారేజీలో ఉంది. తెస్తానుండండి."

ఆమె వెళ్తుంటే స్ట్రాడ్ నా చెవిలో, "ఖాళీ డబ్బా తెస్తుంది చూడండి" అన్నాడు.

ఆమె డబ్బా తెచ్చి గిన్నెల మధ్య చోటు చేసి పెట్టింది. మూత తీశాను. నూనె పట్టిన పాత క్రౌను, బేరింగులు, పాత సీళ్ళు. వాటి పైన, కాగితం రుమాలులో శుభ్రంగా చుట్టి, నీలం రంగు గేరు.

స్ట్రాడ్ ముందుకు వంగి చూశాడు.

గ్లెన్నా నిజం చెప్పింది. ఆమె పెట్టినదాన్ని ఎవరో తీసి, తెల్లది పెట్టి, నీలందాన్ని తెచ్చి ఇక్కడ జాగ్రత్తగా చుట్టి పెట్టారు. దాచలేదు, పారెయ్యలేదు. నాకు మళ్ళీ అయోమయం. హంతకులు ఇలా సర్ది పెడతారా?

"కోరిన్, ఇది ఇందులోకి ఎలా వచ్చింది?"

ఆమె కుర్చీలో కూర్చుంది. అప్రన్ అంచు మడతపెట్టింది, విప్పింది. "నేనే పెట్టాను. కారులోంచి తీసింది నేనే."

"మీరా?" స్ట్రాడ్ గొంతు పైకి లేచింది.

"పందెం ముందు రోజు కార్ల పరీక్షలయ్యాక వాటన్నిటినీ మైదానంలో నిలబెట్టారు కదా. అందరూ ఎవరి కారు కింద వాళ్ళు దూరి ఏదో ఒకటి బిగిస్తున్నారు. మొగుడి కారు కింద పెళ్ళాం దూరితే ఎవరు చూస్తారు? ఒక్క బోల్టే కదా. ఇన్నేళ్ళు పక్కన కూర్చున్నాను, స్పానరు పట్టడం రాదనుకున్నారా?"

"ఎందుకు చేశారమ్మా?" నేను వీలైనంత మెల్లగా అడిగాను.

"చలికాలంలో, సంతలో, వేలంపాట మధ్యలో ఎవరెట్ మాట ఆగిపోయింది. గట్టిగా రెండు ఊపిర్లు పీల్చేంతసేపు. చెయ్యి ఇలా పైకెత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు. జనం తమాషా అనుకుని నవ్వారు. నేను చూశాను అతని కళ్ళు. ఇంటికొచ్చాక డాక్టరు దగ్గరికి వెళ్దామంటే ఒట్టు వేయించుకున్నాడు, ఎవరికీ చెప్పకూడదని." ఆమె స్ట్రాడ్ వైపు చూసింది. "మీరు రాసుకుంటారేమో, రాసుకోండి. నాకు డబ్బు గొడవ లేదు."

స్ట్రాడ్ జేబులోంచి పెన్ను తియ్యలేదు.

"పందెం మానమని బతిమాలాను. వినలేదు. కడుపు నొప్పంటే ఆగుతాడనుకున్నాను. ఆగడని లోపల తెలుసు. అందుకని ముందు రోజే ఇది చేశాను. నెమ్మదిగా పోవాలని."

"నెమ్మదిగానా?" అన్నాను.

"అవును. పాత కారులో ఇంజను గోలగోల చేసేది, సూది ఎప్పుడూ పైపైనే ఉండేది. కొత్త గేర్‌బాక్సు వచ్చాక ఇంజను చప్పుడే లేదు, అదేదో మెత్తగా పోతుంటే ఇంకా తొక్కాలనిపిస్తుందని అన్నాడు. పాత గేరు పెడితే సూది మళ్ళీ పాతలాగే గబగబా పైకి పోతుంది కదా? పైగా దానికి పళ్ళెక్కువ. నూట పది చూపిస్తుంది, అసలు ఎనభయ్యో ఎంతో వెళ్తుంటాడు. కప్పు పోతుంది. ఇంటికొచ్చి నా మీద అరుస్తాడు. అరవనీ. నెల్లాళ్ళు మాట్లాడకపోయినా సరే అనుకున్నాను."

ఆమె కళ్ళు తుడుచుకుంది. "అంత నెమ్మదిగా పోతూ కూడా చచ్చిపోయాడంటే, గుండే ఆగి ఉంటుంది డిటెక్టివ్. ఆ వంపు దగ్గర ఆగి ఉంటుంది. టైరు కాదు. నేను అప్పుడే డాక్టరుకి చెప్పి ఉండాల్సింది. ఒట్టు ఒట్టని కూర్చున్నాను."

ఆమెకి తెలీదు. అందుకే దాచలేదు. అందుకే కాగితంలో చుట్టి పెట్టింది, పందెం అయ్యాక మళ్ళీ పెట్టేద్దామని. లైటు చూపిన వేగం మేం ఇంకా ఆమెకి చెప్పలేదు. ఓరిన్‌ని నోరు మూసుకోమన్నది నేనే.

స్ట్రాడ్‌కి అన్నీ అర్థమయ్యాయి. గేర్లు తెలిసినవాడు. అతను ఒక మాటంటే చాలు, కంపెనీకి కావలసిన జవాబు దొరికినట్టే. నోరు తెరిచాడు. నేను అతని వైపు చూసి తల అడ్డంగా ఊపాను. నా మాట వినాల్సిన పని అతనికి లేదు. అయినా నోరు మూసుకున్నాడు. కెమెరాని మెడలోంచి తీసి ఒళ్ళో పెట్టుకుని దాని పట్టీ కేసి చూస్తూ కూర్చున్నాడు.

"ఏమైంది?" కోరిన్ మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. "ఎందుకలా ఉన్నారు?"

"ఏం లేదు కోరిన్. ఈ గేరు నేను తీసుకెళ్ళాలి. రేపు మాట్లాడుకుందాం."

"రెండోది మీ దగ్గరుందా? కారులోది?"

అబద్ధం చెప్పాలనుకున్నాను. చెయ్యి జేబు మీదకి పోయింది, ఆమె చూసింది. అరచెయ్యి చాపింది. ఏళ్ళ తరబడి స్టాప్‌వాచీ పట్టిన చెయ్యి అది. ఇచ్చాను.

ఆమె రెండు గేర్లనీ పక్కపక్కన పెట్టి చూసింది. "తెల్లది లావుగా ఉంది" అంది తనలో తను. పెన్సిలు తీసి ఒక్కోదాని మీద ఒక్కో చుక్క పెట్టింది. బల్ల అంచున వంటకత్తి ఒకటి పడి ఉంది. కత్తి పిడి నుంచి మొన దాకా నీలందాన్ని దొర్లించింది. చుక్క పైకొచ్చింది, మళ్ళీ వచ్చింది, మళ్ళీ వచ్చింది. దాన్ని పక్కన పెట్టి తెల్లదాన్ని అదే కత్తి పక్కన అదే దూరం దొర్లించింది. చుక్క నెమ్మదిగా వచ్చింది. కత్తి అయిపోయింది గానీ చుట్లు పూర్తి కాలేదు.

ఇంకోసారి దొర్లించింది. ఇంకోసారి.

నేను ఏదో అనబోయాను. ఆమె వేలెత్తి ఆగమంది, కారులో లెక్కపెట్టేప్పుడు ఎవరైనా మాట్లాడితే ఆపినట్టు.

"పళ్ళెక్కువైతే..." అని అడిగింది స్ట్రాడ్‌ని, నన్ను కాదు. "పళ్ళెక్కువైతే నెమ్మదిగా తిరుగుతుంది. సూది తక్కువ చూపిస్తుంది. అంతేనా?"

స్ట్రాడ్ తల ఎత్తలేదు. "అంతేనమ్మా" అన్నాడు, నేలకేసి చూస్తూ.

"ఎంత వేగంలో ఉన్నాడు?"

ఎవరం చెప్పలేదు. ఆమె మళ్ళీ అడగలేదు. కిటికీ అవతల ఏదో ట్రక్కు గేరు మార్చుకుంటూ వెళ్ళింది, ఆ చప్పుడుకి ఆమె భుజాలు ఒక్కసారి ఉలిక్కిపడ్డాయి.

ఈ నేరానికి చట్టంలో ఏ పేరుందో నాకు తట్టలేదు. హత్య కాదు. ప్రమాదం అనడానికీ నోరు రావడంలేదు. మొగుడు బతకాలని పెళ్ళాం చేసిన పనికి కాగితం మీద ఏం రాయాలి?

కోరిన్ లేచింది. తొట్టి దగ్గరికి వెళ్ళి చేతులకంటిన నూనె సబ్బుతో కడుక్కుంది, గోళ్ళ సందుల్లో కూడా. అప్రన్ విప్పి కుర్చీకి వేసింది. తలుపు వెనక తగిలించిన కోటు తీసుకుంది.

"గ్లెన్నా కోసం షెరీఫ్ సాయంత్రం వెళ్తాడన్నారా? మీరు దార్లో ఉండగా ఓరిన్ ఫోను చేసి చెప్పాడు నాకు."

"అవును."

"ఆమె చేతికి బేడీలు పడకూడదు. ఆమె పని సరిగ్గా చేసింది." కోటు బొత్తాలు ఒక్కొక్కటే పెట్టుకుంది. "పదండి. ఆయన బయల్దేరకముందే మనం అక్కడుండాలి. మెల్లగా పోవద్దు."